అటకమ్మ గారికి ఓ ఇల్లాలి విన్నపం

అమ్మా అటకమ్మా,

విజయనగరం గంటస్తంభం దగ్గర మా పాత ఇంట్లో, వంటగది నెత్తిన నలభై ఏళ్ళుగా కాపురం ఉంటున్నావు. మా అత్తగారి ఇత్తడి గంగాళం, మా ఆయన డిగ్రీ పుస్తకాలు, చక్రం ఊడిన పిల్లల సైకిలు, అన్నీ నీ పొట్టలోనే ఉన్నాయి. దేన్నీ అరిగించుకోవు, దేన్నీ కక్కవు. ఇన్నాళ్ళూ నువ్వు మా ఇంటికే సొంతం అనుకున్నాను. నీ చుట్టరికం కెనడా దాకా ఉందని ఈమధ్యే తెలిసింది.

2005లో విన్నిపెగ్ నగరంలోని ప్రభుత్వ ల్యాబువాళ్ళు, ఎబోలా అనే ప్రాణాంతక జ్వరానికి తాము చేసిన టీకా కోతుల్ని కాపాడిందని లోకానికి చెప్పారు. మన సిరిమాను సంబరంలో పులివేషాలు కడతారు చూడు, అదీ అలాంటి పనే. పశువులకొచ్చే ఓ వైరస్‌ని పట్టుకుని, దాని చొక్కా విప్పి ఎబోలా చొక్కా తొడిగారు. లోపల ఉన్నది మన పక్కవీధి కుర్రాడే, పైకి మాత్రం పులి. ఒంట్లోని కాపలావాళ్ళు ఆ వేషగాడితో నాలుగు రోజులు సాము చేస్తే, అసలు పులి వచ్చేసరికి చేయి తిరిగి ఉంటుంది. కోడి రామ్మూర్తి నాయుడు వ్యాయామశాల నడిపిన ఊరివాళ్ళం, సాము సంగతి మాకు వేరే చెప్పాలా!

మరి అంత మంచి టీకాని ఏం చేశారు? నీ దగ్గరికి ఎక్కించారు.

వాళ్ళ లెక్క వాళ్ళకుంది. ఆ జ్వరం 1976లో అప్పటి జైరేలో (ఇప్పటి కాంగో), సూడాన్‌లో బయటపడింది. వస్తుంది, పదుల్లోనో వందల్లోనో జనాన్ని తీసుకుపోతుంది, మళ్ళీ ఏళ్ళ తరబడి కనబడదు. వచ్చేదేమో అడవి పక్క పల్లెలకి. వాళ్ళు డోసుకి ఎంత ఇవ్వగలరు? కొనేవాడు లేని సరుకుకి కొట్టు తెరిచేదెవరు? 2010లో దాని లైసెన్సుని సుమారు 2 లక్షల కెనడా డాలర్లకి ఓ చిన్న కంపెనీ చేతిలో పెట్టారు. ఆ తర్వాత కూడా అది నీ దగ్గరే పడుకుంది.

2014లో గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ అంటుకున్నాయి. అది చల్లారేసరికి 28 వేల మందికి పైగా జబ్బుపడ్డారు, 11 వేల మందికి పైగా పోయారు. ఆ మధ్యలో విమానమెక్కి ఒకరిద్దరు రోగులు అమెరికాలోనూ తేలారు. అప్పుడు గబగబా నిచ్చెన వేశారు. ఆ లైసెన్సే పెద్ద కంపెనీకి వెళ్తూ 5 కోట్ల అమెరికా డాలర్లు పలికింది. నీ దగ్గర దుమ్ము పడితే ధర పెరుగుతుందని తెలిస్తే మా ఆయన పుస్తకాల మీద నేను అంత విసుక్కునేదాన్ని కాదు.

2015లో గినీలో రోగి చుట్టూ ఉన్నవాళ్ళకి, ఆ చుట్టూ ఉన్నవాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళకి కంచె కట్టినట్టు టీకా వేసుకుంటూ పోయారు. వెంటనే టీకా వేయించుకున్నవాళ్ళలో పది రోజులు దాటాక ఒక్క కేసూ రాలేదు. 2019 చివర్లో ఆమోదముద్ర పడింది. కోతి నుంచి మనిషి దాకా రావడానికి పద్నాలుగేళ్ళు!

ఆ తర్వాతైనా బుద్ధొచ్చిందా? 2022లో ఉగాండాలో ఎబోలాలోనే సూడాన్ రకం లేచింది. ఆ రకానికి పాత టీకా పనికిరాదు, కొత్తవి ఇంకా పరీక్షల్లో ఉన్నాయి. వాటి మొదటి డోసులు డిసెంబరులో విమానం దిగేసరికి వేయడానికి రోగులే లేరు. పెళ్ళివారు వెళ్ళిపోయాక మేళం వచ్చింది. అదే 2025లో మళ్ళీ వస్తే, ప్రకటించిన నాలుగు రోజులకే ట్రయల్ మొదలుపెట్టారు. ఈసారి డోసులు ముందే అక్కడ ఉన్నాయి. అంటే దించాలనుకుంటే నీ దగ్గర్నుంచి దించడం అంత కష్టమేం కాదన్నమాట.

ఇదంతా ఆఫ్రికా గోల, నాకెందుకూ అనకు. ముదిరితే రక్తం కారే జ్వరాల కుటుంబంలో మన డెంగీ కూడా ఉంది. పోయిన వానల్లో మా పిల్లకి వచ్చింది. ఐదో రోజు ఒళ్ళు చల్లబడగానే మా అత్తగారు, "జొరం తగ్గిపోనాది కదేటి, ఇంక డాక్టరెందుకమ్మా?" అని బొప్పాయాకు రసం గ్లాసుతో వచ్చారు. డాక్టరుగారు మాత్రం అసలు గండం జ్వరం దిగాకే అన్నారు. రక్తనాళాల్లోంచి నీరు కారిపోయేది అప్పుడేనట. మేమంతా ప్లేట్‌లెట్ల టెన్షన్‌లో ఉంటే ఆయన పిల్ల బీపీ చూసుకుంటూ కూర్చున్నారు. జ్వరం దిగాకే గండం అన్న మాట ఆయన మా పిల్ల గురించే చెప్పారు గానీ, నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావు.

డెంగీ టీకా విషయంలో తప్పంతా నీదేనని అనను. అది నాలుగు రకాల జ్వరం. ఒక రకం వచ్చి తగ్గినవాళ్ళకి ఇంకో రకం వస్తే మరింత ముదరొచ్చు. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి లక్షల మంది బడిపిల్లలకి టీకా వేశాక, ముందు డెంగీ రానివాళ్ళకి అది చేటు చేయొచ్చని 2017లో బయటపడింది. అలాంటిచోట తొందరపడకపోవడమే మంచిది. మన దేశంలో మరో డెంగీ టీకాకి 10 వేల మందికి పైగా పెద్దవాళ్ళతో 2024లో మూడో దశ పరీక్ష మొదలైంది. దాన్ని దయచేసి నీ దగ్గరికి పిలవకు.

ఇక నా సొంత గొడవ ఒకటుంది. డెంగీ దోమ పగలు కుడుతుందని పిల్ల మధ్యాహ్నం నిద్రకి దోమతెర కొన్నాం. ఆస్పత్రి నుంచి వచ్చిన నెలకే, ఇంకెందుకులే అని నేనే మడత పెట్టి నీ మీద పెట్టాను. మళ్ళీ వానలు పడుతున్నాయి. దించుదామంటే నిచ్చెన లేదు. మా ఆయన పక్కింటివాళ్ళకిచ్చారు. అడిగితే, "మీరు అడగలేదు కదా అని మా అటక మీద పెట్టేశాం వదినా" అన్నారు.

ఇట్లు,
నీ కింద వంట చేసుకునే ఇల్లాలు