సవరణ: బిల్బో ముసలివాడు కాదు

టోల్కీన్ ఫాంటసీ నవల ‘ది హాబిట్’ (1937) గురించి మొన్న రాస్తూ, బిల్బోని రిటైర్మెంట్ వయసులో మాయాలోకానికి బయల్దేరిన హీరో అన్నాను. ఆ మాటకు సవరణ ఇది. బిల్బోకి సుమారు 50 అని నవలే చెబుతుంది. కానీ హాబిట్లు (బిల్బో పుట్టిన పొట్టి మనుషుల జాతి) మేజర్లయ్యేది 33 ఏళ్లకి. ఆ లెక్క తర్వాతి నవల ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ఉంది. అందులోనే 111వ పుట్టినరోజు దర్జాగా చేసుకున్నవాడికి 50 అంటే మంచి నడివయసు.

అతన్ని వెనక్కి లాగేది ఒంట్లో ఓపిక లేకపోవడం కాదు, అలవాటైన ఇల్లు, వేళకు టిఫిను. డ్రాగన్ ఉన్న కొండకు బయల్దేరి, జేబురుమాలు మర్చిపోయానని నొచ్చుకుంటాడు! నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం అది.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ పుస్తకం కోసం వెతికేవాళ్లు, నలభైల్లో ఉన్న అన్నయ్యలకీ వదినలకీ కూడా తప్పకుండా ఇవ్వండి.