తెలుగు కాగితాలు, ఒక మూట

భద్రపరచడం మనవాళ్లకు చేతకాదన్నది వట్టి అపవాదు. ఒడిశాలోని బరంపురం వైపు ఏ మాజీ ఎమ్మెల్యే ఇంట్లో చూసినా సన్మాన పత్రాలు లామినేషన్‌తో హాలు గోడ మీద మెరుస్తుంటాయి. పట్టు కండువాలను పాత నూలుగుడ్డలో చుట్టి, వేపాకు వేసి, ఆర్నెల్లకోసారి మడత మార్చి మరీ దాస్తారు. ఇక అర్జీలంటారా? వెట్టిచాకిరి మీద, ఇటుక బట్టీలో ఎగ్గొట్టిన కూలి మీద, చేతులు మారిన గిరిజన భూమి మీద జనం రాసిచ్చినవి మేడమెట్ల కింద బియ్యం సంచిలో ఉంటాయి. దేని మర్యాద దానిది.

ఈ మర్యాదను శాస్త్రం ఒప్పుకోదు. లామినేషన్ వేడికి ప్లాస్టిక్ కాగితాన్ని కరుచుకుంటుంది, మళ్లీ ఊడదు. కాగితంలోని ఆమ్లం లోపలే ఉండి దాన్ని పచ్చబరుస్తుంది. సన్మానానికి ఆయుష్షు తక్కువన్నమాట. అర్జీకి చేయాల్సింది అచ్చంగా కండువాకు చేసిందే: ఉతికి గంజి పోగొట్టిన నూలుగుడ్డ (గంజి ఉంటే పురుగు వస్తుంది), లోపల యాసిడ్ లేని అట్ట, నేలకు ఆరంగుళాల ఎత్తున, గోడకు ఎడంగా ఇనుప అర. కండువా సంచిలోకి, సంచి సరుకు బీరువాలోకి మారితే చాలు. పెద్ద ఖర్చు లేదు గనుకే ఈ పథకం ఎవరికీ నచ్చదు.

అక్కడి గోపాల్‌పూర్ సముద్రపు గాలికి గుండుసూది రెండు వానాకాలాల్లో తుప్పు పడుతుంది. లాగితే కాగితం చిరుగుతుంది. కింద పలచని ప్లాస్టిక్ ముక్క జొనిపి, సూదిని వదులు చేసి తీయాలి. రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది. ఫ్యాక్స్ కాగితం దానంతటదే తెల్లబడుతుంది, జిరాక్స్ తీసి పెట్టుకోవాలి. మంత్రిగారి హామీలు ఫ్యాక్స్‌లో ఎందుకు వచ్చేవో మనం అడగరాదు.

అసలు ప్రమాదం పురుగు కాదు, పనిమంతుడు. ఒక ఆదివారం నలుగురు కార్యకర్తలు కూర్చుని కాగితాలను భాషలవారీగా వేరుచేస్తారు. చెదలకు పదేళ్లు పట్టే పని టిఫిన్ వేళకు ముగుస్తుంది. అర్జీ తెలుగులో ఉంటుంది. దాని అంచున ఎమ్మెల్యే రాసిన మాట ఒడియాలో, శాఖకు పంపిన లేఖ ఇంగ్లిషులో, ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు మళ్లీ ఒడియాలో. నాలుగూ ఒకే ట్యాగుకు ఉంటేనే అది ఫైలు. విడదీశాక ఒక కుప్పలో జవాబు లేని గోడు, ఇంకో కుప్పలో ఎవరి గోడుకో తెలియని జవాబు మిగులుతాయి. ఇక జాబితా రాసేవాడికి తెలుగు రాకపోతే ‘తెలుగు కాగితాలు, ఒక మూట’ అని రాసి సంతకం పెడతాడు. రాజ్యాంగం 350వ అధికరణం మీకు దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కిచ్చింది. దాన్ని ఎవరైనా చదవాలని మాత్రం అనలేదు, అంత దూరం ఆలోచించడం మర్యాద కూడా కాదు. అందుకే ప్రతి ఫైలుకూ ఏడాది, ఊరు, విషయం మూడు భాషల్లోనూ ఒక్కో వరుస రాయాలి. కాగితాలు వచ్చిన వరుసను మాత్రం కదపకూడదు.

అచ్చయిన అసెంబ్లీ చర్చలకు అర దండగ, అవి భువనేశ్వర్‌లో దొరుకుతాయి. దాచాల్సింది ప్రశ్న చిత్తుప్రతి, అందులో కొట్టేసిన వాక్యం, అడగకుండా వదిలేసిన అనుబంధ ప్రశ్న. కవర్లు పారేయకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏడాది దాటిన ఘటనను విచారణకు తీసుకోదు గనుక, అర్జీ ఎప్పుడు అందిందో చెప్పే కవరు మీది ముద్రే అన్నిటికన్నా ప్రమాదకరమైన సిరా: ఆ ఏడాది ఎవరి ఇంట్లో గడిచిందో అది చెప్పేస్తుంది. ఆ సిరా తడికి చెదిరిపోతుంది, అందుకే తడిగుడ్డతో తుడవొద్దంటారు. కొందరు కుటుంబీకులకు శుభ్రం ఎక్కువ.

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ రికార్డును అనుమతి లేకుండా నాశనం చేస్తే ఐదేళ్ల దాకా జైలంటుంది. ఎమ్మెల్యే ఇంటి సంచికి ఆ బెంగ లేదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటప్పుడు తడిసిన కట్టకు రెండు రోజులే గడువు, తర్వాత బూజు పడుతుంది. ఎండలో పెట్టకూడదు, ముద్దను వలవకూడదు. అచ్చు లేని న్యూస్‌ప్రింట్ మధ్యలో పెట్టి, నీడలో ఫ్యాను కింద, ఆ న్యూస్‌ప్రింట్ తడిసినప్పుడల్లా మారుస్తూ ఆరబెట్టాలి. అంత ఓపిక లేకపోతే పాలిథిన్‌లో చుట్టి కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టించాలి. చేపల పక్కనైనా సరే. హక్కుల కాగితాలకు అంతకన్నా మంచి సహవాసం ఎప్పుడు దొరికింది?

పాత రికార్డులు దాచే ఆర్కైవ్స్‌కు ఇచ్చేటప్పుడు దానపత్రం రాయించాలి. వెట్టి నుంచి బయటపడ్డవాళ్ల పేర్లున్న ఫైళ్లను ఇన్నేళ్లు తెరవరాదని అందులో గడువు పెట్టాలి. ఆ గడువు వాళ్ల కోసం, వాళ్లను పనిలో పెట్టిన మేస్త్రీ పేరును కాపాడటానికి కాదు. సంతకం పెట్టేవాళ్లకు ఈ తేడా రెండుసార్లు చెప్పాలి.

చివరగా, ఎవరైనా కాగితం తీసుకెళ్తే ఆ చోట తేదీ, పేరు, కారణం రాసిన చీటీ పెట్టాలి. మన దగ్గర కొన్నాళ్లకు అర్జీల కన్నా చీటీలే ఎక్కువవుతాయి గనుక, వాటికి కూడా యాసిడ్ లేని కాగితమే వాడాలి.