జీవాలకు ముప్పు బీటీతో కాదు, ట్యాంకులో కలిసే రెండో మందుతో

పత్తి ఏరడం, కంది కోయడం అయిపోయాక దేవరకొండ, అచ్చంపేట వైపు చేలలోకి గొర్రెల మందలు దిగుతాయి. బ్యాక్టీరియా మందు కొట్టిన చేనులో జీవాలను మేపవచ్చా అని గొల్లకురుమలు అడుగుతుంటారు. ఆ బ్యాక్టీరియా బాసిల్లస్ తురింజియెన్సిస్, అంటే బీటీ అయితే, నిశ్చింతగా మేపవచ్చు.

ఆముదం ఆకుతో పాటు బీటీలోని ప్రోటీన్ స్ఫటికాన్ని దాసరి పురుగు మింగినప్పుడు, దాని పేగులోని గాఢమైన క్షార రసంలో ఆ స్ఫటికం కరిగి, విషంగా మారి, పేగు గోడ మీద అది అంటుకోవడానికి వీలైన ప్రత్యేక చోట్లకు (గ్రాహకాలకు) అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మానేసి, కొద్ది రోజుల్లో చస్తుంది. గొర్రె కడుపులో ఆ క్షారం లేదు, ఆ గ్రాహకాలూ లేవు. నాలుగో పొట్టలోని ఆమ్లంలో ఆ ప్రోటీన్ మేతలోని మిగతా మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. ఎండకు ఆకు మీది మందు కూడా త్వరగానే బలం కోల్పోతుంది. పట్టుపురుగులకు మాత్రం బీటీ ప్రాణాంతకం కాబట్టి మల్బరీ తోటల దగ్గర కొట్టకూడదు.

2006లో వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి (ఆ బీటీ ప్రోటీన్‌ను మొక్కే తయారుచేసుకునేలా జన్యువు చేర్చిన పత్తి) చేలు మేసి గొర్రెలు చనిపోయాయన్న ఫిర్యాదులు వచ్చాయి. ఆ మరణాలకు బీటీయే కారణమన్న వాదనను కేంద్ర జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ అంగీకరించలేదు. అయినా ఆ భయాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. బీటీ పత్తిని కాయతొలుచు పురుగుల కోసం తయారుచేశారే తప్ప, అది రసం పీల్చే పురుగులను ఆపదు. వాటి కోసం రైతు రసాయన మందులు కొడుతూనే ఉంటాడు, ఆ అవశేషాలు ఆకు మీదే ఉంటాయి.

అసలు ప్రమాదం అక్కడే ఉందని నా అభిప్రాయం. బీటీ నెమ్మదిగా పనిచేస్తుందని అదే ట్యాంకులో ప్రొఫెనోఫాస్ వంటి రసాయన పురుగుమందు కలిపితే, ఆ చేను ఇక బీటీ కొట్టిన చేను కాదు. ఎమామెక్టిన్ బెంజోయేట్ మూలం కూడా మట్టిలోని బ్యాక్టీరియాయే, కానీ అది నరాల మీద పనిచేసే మందు. బీటీకి ఉన్న భద్రత దానికి అంటగట్టకూడదు. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా ‘బయో’ పేరుతో అమ్మే సీసాలో ఏముందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు.

ఎరువు కోసం చేనులో మంద పెట్టించుకునే రైతు, ఏ మందు ఎప్పుడు కొట్టాడో కాపరికి ముందే చెప్పాలి. లేబుల్ మీద ఎరుపు లేదా పసుపు గుర్తు ఉన్న మందు కొట్టి ఉంటే మందను దూరంగా ఉంచాలి. మేసిన జీవం చొంగ కారుస్తూ వణుకుతుంటే పశువైద్యుడి దగ్గరకు ఆ ఖాళీ డబ్బాను కూడా తీసుకెళ్లాలి. జొన్న పిలకలు మేస్తే తగిలే నాముకు (సైనైడ్ విషానికి) ఇచ్చే విరుగుడు వేరు, పురుగుమందు విషానికి ఇచ్చేది వేరు.