ఐదున్నర నిమిషాలు కూడా లేవా మన దగ్గర?

మొన్న మన తెలుగు సంఘం దీపావళి ప్రోగ్రామ్ బ్రహ్మాండంగా జరిగింది, కాదనను. కానీ స్టేజి వెనక జరిగింది కల్చరల్ కమిటీకి తప్ప ఎవరికీ తెలీదు కాబట్టి రాస్తున్నా. పిల్లల డాన్సులకీ స్కిట్‌కీ మధ్య మైకులు సర్దే గ్యాప్‌లో వలసపోయేవాళ్ళ మీద ఐదున్నర నిమిషాల వీడియో ఒకటి వేద్దామన్నా, అనుమతి సంగతి నేనే చూసుకుంటా అని కూడా చెప్పా. క్లిప్ చూసిన పెద్దాయన ఒకరు "పండగ పూట ఈ కూలోళ్ళ గోల ఎందుకండీ, జనం లేచి భోజనాలకి పోతారు" అన్నారు, అంతే, తీసేశారు. ఆ గ్యాప్‌లో స్పాన్సర్ గారి వెంచర్ యాడ్ రెండుసార్లు వేశారు, డ్రోన్ షాట్లతో సహా (జనం అప్పుడే భోజనాలకి లేచారు, అది వేరే సంగతి).

అల్బేనియాలో పుట్టి 1997లో ఇటలీకి వెళ్ళిపోయిన ఆర్టిస్ట్ ఆడ్రియన్ పాచి 2007లో తీసిన వీడియో అది. కాయితాల్లేకుండా వచ్చినవాళ్ళని ఇటలీలో అప్పట్లో పెట్టే క్యాంపుల సర్కారీ పేరే (తాత్కాలికంగా ఉంచే కేంద్రం అని అర్థం) దానికీ పెట్టాడు. తీసింది మాత్రం మన కాలిఫోర్నియా శాన్ హోసే ఎయిర్‌పోర్ట్‌లోనే! జనం వరసగా విమానం మెట్లెక్కుతుంటారు, కెమెరా ఒక్కొక్కరి ముఖం దగ్గరకీ పోతుంది, ఎండలో పనిచేసిన ముఖాలు, ఒక్క డైలాగ్ ఉండదు. మెట్లు నిండిపోయినా ఇంకా కదలరేంటి అనుకునేలోపు కెమెరా వెనక్కొస్తుంది, చూస్తే పైన విమానమే లేదు. అవతల రన్‌వే మీద మిగతా విమానాలు మాత్రం ఎగిరిపోతూనే ఉంటాయి.

"ఇందులో మనవాళ్ళెవరూ లేరుగా" అన్నారు ఇంకొకరు. ఎందుకు లేరండీ? కరీంనగర్, నిజామాబాద్ నుంచి దుబాయ్‌కి, కడప నుంచి కువైట్‌కి పోయేవాళ్ళు ఎవరు మరి? పదో క్లాసు పాస్ కాకపోతే పాస్‌పోర్ట్ మామూలుగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ కావాలి అనే రకం) కిందకొస్తుంది, 18 దేశాలకి పనికెళ్ళాలంటే 1983 చట్టం ప్రకారం ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, అది తప్పించుకోడానికి ఏజెంటు విజిట్ వీసా మీద ఎక్కించేస్తాడు, దిగాక కఫీల్ (వీసాకి పూచీ ఉండే యజమాని) ఎవరో జీతమెంతో దేవుడికే తెలియాలి.

వాళ్ళు లేబర్, మనం ప్రొఫెషనల్స్ అంటారా? ఎంప్లాయ్‌మెంట్ గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం క్యాప్, ప్రయారిటీ డేట్ (క్యూలో మన వంతు తేదీ) చూసుకుంటూ జుట్టు నెరిసినవాళ్ళు మనలో ఎంతమంది లేరు, హెచ్‌వన్ వర్క్ వీసా మీద జాబ్ పోతే ఉండేది మహా అయితే 60 రోజులేగా. మన మెట్లకి ఏసీ ఉంది, ఒప్పుకుంటా, ఆ ఎండలో నిలబడ్డవాళ్ళతో పోల్చుకోడానికి నాకే కొంచెం సిగ్గేస్తుంది.

పెద్దాయన మాటలో అసలు న్యాయం లేదనను. వారమంతా డెడ్‌లైన్లతో చచ్చి వచ్చిన మనిషి నాలుగు జోకులకి నవ్వుకుని పోదామనుకుంటాడు, నేనూ అంతే. గల్ఫ్‌లో ఎవరన్నా పోయారంటే చందా అడిగిన వెంటనే ఇచ్చే చేతులు కూడా మనవే. కానీ బతికున్నప్పుడు వాళ్ళ గురించి ఒక్క ముక్క మాట్లాడుకున్నామా ఏ ప్రోగ్రామ్‌లోనైనా?

అందుకే ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక ఒక స్లాట్ ఇవ్వండి, దణ్ణం పెట్టి అడుగుతున్నా. ఆర్టిస్ట్‌కి లెటర్ నేనే రాస్తా, అనుమతి రాకపోతే గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళతో మన తెలుగు క్లాసు పిల్లల చేత వీడియో కాల్‌లో మాట్లాడించి అదే వేద్దాం. వచ్చే కమిటీ మీటింగ్ ఎజెండాలో చేర్చండి, కావాలంటే ఓటింగ్ పెట్టండి, ఓడిపోతే ఓడిపోతా.