కోతపడినచోటల్లా ప్రత్యక్షమయ్యే రాళ్ళ కట్ట గారికి

ఆయ్, నమస్కారమండి.

ఉప్పాడలో రోడ్డు తెగిందన్నా, అంతర్వేదిలో సముద్రం ముందుకొచ్చిందన్నా టిప్పరెక్కి ముందుగా దిగేది తమరే. ఈ ఉత్తరం ఏ ఏటి రాళ్ళకి అందుతుందో తెలీదు. నిరుటి రాళ్ళు తమ కిందే ఇసుకలో ఉంటాయి గాబట్టి వాటికీ వినపడేలా చదవండి.

తమర్ని ట్రిప్పుల లెక్కన కొలుస్తారు. సముద్రమేమో హడ్సన్ సూత్రం లెక్కన, అంటే ఎంత అలకి ఎంత రాయో చెప్పే లెక్కన, కొలుస్తుంది. అక్కడే పేచీ. రాయి బరువు అల ఎత్తు ఘనం ప్రకారం పెరగాలి. ఒకటికి రెండు వాలు (అడుగు ఎత్తుకి రెండడుగుల వెడల్పు), గరుకు గ్రానైటు, అల కట్ట మీదే విరిగే చోటు అనుకుందాం. 2 మీటర్ల అలకి ఒక్కో రాయి సుమారు 1.3 టన్నులుండాలి. 3 మీటర్లకి 4.5 టన్నులు. 4 మీటర్లకి పది టన్నులు దాటాలి. అంటే అల రెట్టింపైతే రాయి ఎనిమిది రెట్లు. అంత రాయి క్వారీలో దొరకనప్పుడు వాడటానికే టెట్రాపాడ్ ఉంది. 1950లో ఫ్రాన్సులో పుట్టిన కాంక్రీటు దిమ్మ అది. నాలుగు కాళ్ళూ పక్కవాటితో చిక్కుకుంటాయి గనక తక్కువ బరువుతోనే నిలబడుతుంది. గునపంతో ఇద్దరు దొర్లించగలిగే రాయి తుఫాను ముందు నిలబడటం ధైర్యమే, కాదనం.

ఇక తమ అడుగు సంగతి. మర్యాదస్తులం గాబట్టి మెల్లగా అడుగుతున్నాం: కింద గుడ్డ ఉందాండీ? నీటిని వదిలి ఇసుకని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దానిమీద చిన్న క్వారీ రాయి, ఆపైన పెద్దరాయి బరువులో పదోవంతు రాయి, అన్నిటిపైనా రెండు వరుసల పెద్దరాయి. వరస ఇదీ. గుడ్డ లేకపోతే వెనక్కి మళ్ళే ప్రతి అలా సందుల్లోంచి ఇసుక పీల్చుకుపోతుంది. తమరు మునుగుతారు, పైన మళ్ళీ పోస్తారు. ఎం బుక్కులో (పని కొలతలు రాసే పుస్తకంలో) ఎక్కించేసరికి సగం రాయి కంటికి కనపడదు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఈదుకెళ్ళి లెక్కపెట్టరు కదా!

కట్ట పాదం అంతకన్నా ముఖ్యం. గోడ నిటారైన కొద్దీ అల ఎదురుకొట్టి దాని మొదట్లోనే ఇసుక తవ్వుతుంది. ఆ గొయ్యి అల ఎత్తంత లోతు పడొచ్చు. టో రాయిని, అంటే పాదం దగ్గరి రాయిని, అంత లోతుకి పాతకపోతే అది గోతిలోకి జారుతుంది, దాని వెంట పై వరసంతా దిగుతుంది. ఉప్పాడలో వేసిన తమ చుట్టం జియో ట్యూబు గతీ చూశాం. ఇసుక నింపిన గుడ్డ గొట్టం, ఒకచోట చిరిగితే చాలు, లోపలిదంతా ఖాళీ.

కాకినాడ ముందు హోప్ ఐలాండ్ చూశారూ? దాదాపు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ. టెండరు లేదు, శంకుస్థాపన ఫలకం లేదు. గోదారి తెచ్చిన ఇసుకని అలలే ఉత్తరానికి నెట్టుకుంటూ పేర్చాయి. రేవుని కాసేది అదే. దాని చాటు దాటాక ఉప్పాడ. నైరుతి గాలుల్లో ఇసుక ఉత్తరానికి పోతుంది, ఈశాన్యంలో దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తానికి ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఆ వచ్చే ఇసుకా తగ్గిపోయింది. గోదారి మీద జయక్వాడి నుంచి శ్రీరాంసాగర్ దాకా జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. అప్పు మాత్రం తమరు తీర్చాలి, పాపం.

ఒడ్డుకి దూరంగా, సమాంతరంగా నీళ్ళలో కట్టే బ్రేక్‌వాటర్, అంటే అలల్ని ఆపే అడ్డుకట్ట, తమకన్నా తెలివైనదే. దాని చాటున అల నెమ్మదించి ఇసుక చేరుతుంది. ఒడ్డుకున్న దూరం కన్నా దాని పొడవు బాగా తక్కువైతే ఒడ్డు కాస్త ఉబ్బుతుంది. పొడవు మరీ ఎక్కువైతే ఇసుక వెళ్ళి దానికే అతుక్కుని, ఉత్తరానికి పోయే దారి మూసేస్తుంది. అప్పుడు ఉత్తరానున్న ఊరు కోతకి దొరుకుతుంది. అందుకే ఒకదానికొకటి ఖాళీ వదిలి కడతారు, లేదా బయటినుంచి ఇసుక తెచ్చి ముందే నింపుతారు. దీనికి ఏడాది పొడవునా అలలూ ఇసుకా కొలవాలి. తమకైతే డ్రైవరుంటే చాలు.

ఈసారి వచ్చేప్పుడు కాటా చీటీ, కింద పరిచే గుడ్డ తెచ్చుకోండి. పాదానికి గొయ్యి తవ్వించుకోండి. అవేవీ కుదరకపోతే, ఉత్తరాన పక్క ఊరికి దారెటో డ్రైవరుకి ఇప్పుడే చెప్పి ఉంచండి. వచ్చే ఏడాది ట్రిప్పులు అక్కడికే.

ఇట్లు,
తమ వెనకాల ఇళ్ళున్నవాళ్ళు