పికప్ ట్రక్కుకు ప్లగ్గులు: లోహం సంగతి ఆఖర్న చూడండి

పికప్ ట్రక్కుకు స్పార్క్ ప్లగ్గులు మార్చే సమయం వచ్చిందనగానే ప్రతివారూ వేసే మొదటి ప్రశ్న "ఇరిడియం వేయించాలా, ప్లాటినం సరిపోతుందా?" అన్నదే. ప్లగ్గు కొసకు వాడే లోహం గురించిన ఆ ప్రశ్న నా లెక్కలో చిట్టచివర అడగవలసినది. ఆ ప్లగ్గు మీ ఇంజిన్ హెడ్‌లో సరిగా కూర్చుంటుందా, దాని మర పొడవు ఎంత, హీట్ రేంజ్ ఎంత, గ్యాప్ (రవ్వ దూకే రెండు కొసల మధ్య ఎడం) ఎంత, లోపల రెసిస్టర్ (రేడియోలో గరగర రాకుండా ఆపేది) ఉందా లేదా అన్నవన్నీ తేలాకనే లోహం గొడవ వస్తుంది. కానీ అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చయ్యేది లోహం పేరే కాబట్టి కొనేవారి కన్ను దాని మీదే పడుతుంది, అమ్మేవారి నోటా అదే మాట వస్తుంది. అంతటితో ఆగినా సరిపోయేది. "ఇవి వేస్తే బండి లాగుడు పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది" అన్న మాట విన్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

స్పార్క్ ప్లగ్గు ఇంజిన్‌కు బలాన్ని ఇవ్వదు. బలం సిలిండర్‌లోకి వెళ్లే గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమంలో ఉంది. దానిని సరైన క్షణంలో, ప్రతిసారీ తప్పకుండా అంటించడమే ప్లగ్గు పని. అరిగిపోయిన ప్లగ్గు ఆ పనిలో అప్పుడప్పుడు తప్పుతుంది, అంటే మిస్‌ఫైర్ అవుతుంది, దానితో బలమూ ఇంధనమూ రెండూ వృథా అవుతాయి. కొత్త ప్లగ్గులు వేయగానే పోయినది తిరిగి వస్తుంది. ఆ తేడాను చూసి అదంతా ఇరిడియం మహిమ అనుకునేవారు, అదే ఇంజిన్‌లో బండి కంపెనీ చెప్పిన కొలతలున్న మామూలు నికెల్ ప్లగ్గులు కొత్తవి వేసి చూసినా దాదాపు అదే తేడాను గమనించేవారు. (డీజిల్ పికప్‌లు నడిపేవారు ఈ చర్చను నిశ్చింతగా వదిలేయవచ్చు. వాటిలో ఉండేవి గ్లో ప్లగ్గులు, వాటి కథ వేరు.)

పికప్ విషయంలో ప్లగ్గుల ఎంపికను కారు కంటే కాస్త ఎక్కువ పట్టించుకోవాలనడానికి గట్టి కారణమే ఉంది. వెనుక బరువు వేసుకుని, లేదా ట్రెయిలర్ తగిలించుకుని ఎత్తు ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ బాగా తొక్కుతాము, సిలిండర్‌లోకి మిశ్రమం నిండుగా వెళ్తుంది, కంప్రెషన్ సమయంలో పీడనం బాగా పెరుగుతుంది. పీడనం పెరిగిన కొద్దీ అదే గ్యాప్‌ను దాటడానికి నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. కొసలు అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గుకు అది మరింత ఎక్కువ కావాలి. అందుకే ఖాళీ బండితో చదును రోడ్డు మీద ఏ లోపమూ చూపని ప్లగ్గు, బరువుతో ఎత్తెక్కేటప్పుడు మొట్టమొదట మొరాయిస్తుంది. ఆ అదనపు వోల్టేజీని అందించే భారమంతా ఇగ్నిషన్ కాయిల్ మీద పడుతుంది కనుక, ప్లగ్గులను అతిగా అరగనిచ్చినవారు చివరకు కాయిల్స్ కూడా కొనవలసి వస్తుంది.

ఇక హీట్ రేంజ్. దీనిని అపార్థం చేసుకున్నంతగా మరి దేనినీ అపార్థం చేసుకోరేమో. హాట్ ప్లగ్గు అంటే రవ్వ వేడిగా ఉంటుందని, కోల్డ్ ప్లగ్గు అంటే రవ్వ చల్లగా ఉంటుందని చాలామంది భావన. రవ్వకూ దీనికీ సంబంధమే లేదు. దహనం వల్ల తన కొసకు పట్టిన వేడిని ప్లగ్గు ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌లోకి దాటిస్తుందన్నదే హీట్ రేంజ్. మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి ప్రయాణించే దారి ఎక్కువ కనుక కొస వేడిగా నిలుస్తుంది, అది హాట్ ప్లగ్గు. ముక్కు పొట్టిగా ఉంటే కోల్డ్ ప్లగ్గు. కొస ఉష్ణోగ్రత సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పేరుకున్న కార్బన్ తనంతట తానే కాలిపోతుంది. 850, 900 డిగ్రీల దాకా పోయిందంటే రవ్వ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం మొదలవుతుంది, అది పిస్టన్‌ను కరిగించగల ప్రమాదం. ఈ రెండు హద్దుల మధ్య ఉండేలా ఇంజిన్ తయారుచేసినవారు ఒక రేంజ్‌ను నిర్ణయిస్తారు.

అయితే "మనం బరువులు లాగుతాం కదా, ఒక మెట్టు కోల్డ్ ప్లగ్గు వేద్దాం" అన్న సలహా పికప్ యజమానులకు తరచూ దొరుకుతుంది. ట్యూనింగ్ మార్చి, టర్బో బూస్ట్ (సిలిండర్‌లోకి గాలిని నెట్టే పీడనం) పెంచిన ఇంజిన్‌కు ఆ సలహాలో అర్థముంది. మార్పులేవీ చేయని ఇంజిన్‌కు మాత్రం నేను దానిని ససేమిరా ఒప్పుకోను. పికప్‌లు బరువు మోస్తాయని తెలిసే కదా కంపెనీ ఆ రేంజ్ నిర్ణయించింది! పైగా చాలా పికప్‌లు బరువు లాగే రోజుల కంటే ఖాళీగా, తక్కువ దూరాలు తిరిగే రోజులే ఎక్కువ. అటువంటి బండిలో కోల్డ్ ప్లగ్గు కొస తగినంత వేడెక్కక మసిపట్టి, పొద్దున్నే స్టార్ట్ కావడానికి సతాయిస్తుంది.

ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఎన్‌జీకే, డెన్సో కంపెనీల ప్లగ్గులలో అంకె పెరిగిన కొద్దీ ప్లగ్గు కోల్డ్ అవుతుంది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగిన కొద్దీ హాట్ అవుతుంది. కాబట్టి ఒక కంపెనీ ప్లగ్గు మీది 6ను చూసి మరో కంపెనీలో 6 అడగడం శుద్ధ దండగ. ఏ కంపెనీ ప్లగ్గు కొన్నా మీ ఇంజిన్ పేరూ మోడల్ సంవత్సరమూ ఇచ్చి ఆ కంపెనీ పట్టికలోనే వెతకాలి.

నిజానికి ప్లగ్గు నంబరు చదవడం వస్తే సగం మోసాలు దగ్గరకు రావు. ఉదాహరణకు ఎన్‌జీకే వారి బీకేఆర్6ఈ-11 తీసుకోండి. బీ అంటే మర వ్యాసం 14 మిల్లీమీటర్లు, కే అంటే 16 మిల్లీమీటర్ల షట్కోణం, ఆర్ అంటే రెసిస్టర్ ఉన్నది, 6 హీట్ రేంజ్, ఈ అంటే మర పొడవు 19 మిల్లీమీటర్లు, చివరి 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్. మర పొడవు తక్కువైన ప్లగ్గు వేస్తే కొస లోపలికి అందక దహనం దెబ్బతింటుంది, హెడ్‌లో మిగిలిపోయిన మరలో కార్బన్ గట్టిపడి తర్వాత సరైన ప్లగ్గు కూడా ఎక్కనివ్వదు. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కో వాల్వుకో తగలవచ్చు. వాషర్‌తో కూర్చునే ప్లగ్గుకూ, శంకువు ఆకారపు అంచుతో కూర్చునే ప్లగ్గుకూ ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. రెసిస్టర్ లేనిది పెడితే రేడియోలో గరగర రావడంతో పోదు, ఇంజిన్ కంప్యూటర్‌కు వెళ్లే సంకేతాలు కూడా చెడవచ్చు.

కంపెనీ చెప్పినదే వేయాలి అంటున్నాను కనుక, ఆ మాట చెల్లని సందర్భం ఒకటి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2004 నుంచి ఫోర్డ్ ఎఫ్-150లో వచ్చిన 5.4 లీటర్ల, సిలిండర్‌కు మూడు వాల్వుల ట్రైటన్ వీ8 ఇంజిన్‌కు, మొదటి కొన్నేళ్లు రెండు ముక్కలు అతికించి చేసిన ప్లగ్గులు వాడారు. ప్లగ్గు కింది భాగంలో పొడవాటి, పల్చటి గొట్టం ఉంటుంది. హెడ్‌లోని సన్నటి రంధ్రంలో ఆ గొట్టం చుట్టూ కార్బన్ పేరుకుని బిగుసుకుపోతుంది. విప్పబోతే పైభాగం చేతికి వచ్చి, గొట్టం హెడ్‌లోనే విరిగి ఉండిపోతుంది. ఎంతో మందికి ఇలా జరగడంతో, ఎలా విప్పాలో ఫోర్డ్ స్వయంగా మెకానిక్‌లకు సాంకేతిక ప్రకటన ఇవ్వవలసి వచ్చింది: ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గును ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు మాత్రమే వదులు చేయడం, కార్బ్యురేటర్ క్లీనర్ పోసి నాననివ్వడం, ఆ తర్వాత ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిలిస్తూ తీయడం. ఛాంపియన్ వంటి కంపెనీలు ఆ ఇంజిన్‌కు ఒకే ముక్కగా చేసిన ప్లగ్గులు తెచ్చాయి. అటువంటి బండి నా చేతికి వస్తే పాత నమూనా జోలికే పోను. ఇక్కడ కూడా గమనించండి, ఎంపికను నిర్ణయించినది ప్లగ్గు నిర్మాణం, లోహం కాదు.

సరే, ఇప్పుడు లోహం దగ్గరకు వద్దాము. నికెల్ సుమారు 1,455 డిగ్రీల వద్ద, ప్లాటినం 1,768 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఇరిడియం 2,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు, పైగా చాలా గట్టిది. అందుకే ఇరిడియంతో కొసను 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నదనానికి చేసినా నిలుస్తుంది. సన్నటి కొస నుంచి రవ్వ తక్కువ వోల్టేజీతోనే దూకుతుంది. ఇవన్నీ నిజమైన గుణాలే, నేను కాదనడం లేదు. కానీ వాటి ఫలితం ప్రధానంగా ఆయుష్షు. నికెల్ ప్లగ్గులను సాధారణంగా 30,000 నుంచి 50,000 కిలోమీటర్లకు మారిస్తే, ప్లాటినం, ఇరిడియం ప్లగ్గులు లక్ష, లక్షన్నర కిలోమీటర్ల దాకా పోతాయి. కాబట్టి లెక్క వేయవలసింది ధరతో పాటు విప్పడానికి పట్టే శ్రమను కూడా. 5.7 లీటర్ల హెమీ ఇంజిన్ ఉన్న ర్యామ్ పికప్‌కు సిలిండర్‌కు రెండు చొప్పున 16 ప్లగ్గులు ఉంటాయి. అన్నింటినీ తరచూ విప్పి బిగించడం కంటే ఎక్కువ కాలం మన్నేవి కొనడమే మేలని ఎవరైనా అంటే నేను మారుమాట్లాడను. నాలుగే ప్లగ్గులు, అవీ చేతికి ఎదురుగా ఉన్న పాత ఇంజిన్‌కు, కంపెనీ నికెల్ చాలంటే నికెలే కొంటాను.

ఒక చోట మాత్రం లోహాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు ఒకేసారి రవ్వ పుట్టించే పాత తరహా ఇంజిన్లలో, ఒక ప్లగ్గులో విద్యుత్తు మధ్య కొస నుంచి పక్క కొసకూ, రెండో ప్లగ్గులో పక్క కొస నుంచి మధ్య కొసకూ ప్రవహిస్తుంది. రెండో ప్లగ్గులో అరిగేది పక్క కొస. మధ్య కొసకు మాత్రమే ప్లాటినం అద్దినది అక్కడ త్వరగా పాడవుతుంది, రెండు కొసలకూ ఉన్నదే కావాలి. రెండు మూడు పక్క కొసలు ఉన్న ప్లగ్గుల గురించి అడిగేవారికి ఒకటే మాట: ఎన్ని కొసలున్నా రవ్వ ఒకసారికి ఒకదాని మీదికే దూకుతుంది.

గ్యాప్ పెట్టెలో నుంచే సరిగ్గా వస్తుందని నమ్మవద్దు. ఒకే ప్లగ్గు పలు ఇంజిన్లకు అమ్ముడవుతుంది, అట్టపెట్టె కింద పడినా పక్క కొస వంగుతుంది. టర్బో ఇంజిన్లలో పీడనం ఎక్కువ కనుక గ్యాప్ 0.7, 0.8 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. టర్బో లేనివాటిలో ఒక మిల్లీమీటర్, అంతకు పైన ఉండడం సాధారణం. తీగ గేజ్‌తో కొలవండి. నాణెం లాంటి గేజ్‌ను కొసల మధ్య దూర్చి తిప్పితే ఇరిడియం కొస పుటుక్కున విరిగిపోతుంది. సర్దవలసి వస్తే పక్క కొసనే వంచాలి.

విప్పిన పాత ప్లగ్గులను పారేయకుండా, ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి వరుసగా పేర్చండి. లేత గోధుమ రంగులో పొడిగా ఉంటే ఆ హీట్ రేంజ్ మీ వాడకానికి సరిపోయిందని అర్థం. నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందో, ప్లగ్గు కోల్డ్ అయిందో చూడాలి. తడిగా నూనె మెరుస్తుంటే లోపం ప్లగ్గుది కాదు, ఇంజిన్‌ది. పింగాణీ తెల్లగా బొబ్బలెక్కి ఉంటే అతివేడి. బయట కనిపించే తెల్లటి పింగాణీ మీద, షట్కోణానికి కాస్త పైన, పసుపూ గోధుమా కలిసిన మరక ఒకటి తరచూ కనిపిస్తుంది. అది చూసి "గ్యాస్ లీకవుతోంది, మార్చాల్సిందే" అని భయపెట్టేవారు ఉన్నారు. అధిక వోల్టేజీకి గాలిలోని నూనె కణాలు ఆకర్షితమై అంటుకోవడం వల్ల ఏర్పడే మరక అది. ప్లగ్గు పనితీరుకు దానితో ఏ ఇబ్బందీ లేదు.

కొత్తవి బిగించేటప్పుడు హెడ్ చల్లగా ఉండాలి, ముందు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల వాషర్ ప్లగ్గుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), శంకువు అంచుదానికి 10 నుంచి 20 సరిపోతాయి. మీ ఇంజిన్ పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించండి. మర పట్టేయకుండా యాంటీ సీజ్ గ్రీజు పూయడం మంచిదని చాలామంది అలవాటుగా పూస్తారు. ఈనాటి ప్లగ్గుల మరకు పూత ముందే ఉంటుంది, గ్రీజు వల్ల జారుడు పెరిగి అదే టార్క్‌కు అవసరానికి మించి బిగుసుకుంటుంది, అందుకే ఎన్‌జీకే దానిని వద్దంటుంది. టార్క్ రెంచి లేకపోతే, చేతికి బిగిసిన తర్వాత కొత్త వాషర్ ప్లగ్గును అర నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, శంకువు అంచుదానిని పదహారో వంతు చుట్టు మాత్రమే తిప్పాలి. వాషర్ ఒకసారి నలిగిన ప్లగ్గునే మళ్లీ పెడుతున్నట్లయితే పన్నెండో వంతు చుట్టు చాలు.