మొదటి రైఫిల్‌కి రెండు వేల డాలర్లెందుకు?

అమెరికాలో ఉన్న మన చిత్తూరు, తిరుపతి పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పాలని రాస్తున్నా. వేటకు మొదటి రైఫిల్ కొనాలనుకుంటే రెండు వేల డాలర్లు పోయక్కర్లేదు. నాలుగైదు వందల డాలర్ల బోల్ట్ యాక్షన్, అంటే చేత్తో బోల్టు వెనక్కి లాగి ఒక్కో తూటా ఎక్కించే రైఫిల్, చాలు. జింక వేటకు కావలసినదంతా అందులో ఉంది. మిగిలిన డబ్బు తూటాలకు, గురి చూసే స్కోపును పట్టి ఉంచే గట్టి మౌంట్లకు, కాల్పుల ప్రాక్టీసు చేసే రేంజి ఫీజుకు పెట్టండి.

నేను సైన్యంలో పనిచేసి వచ్చి తిరుపతిలో స్థిరపడినవాణ్ని. సర్వీసులో ఎక్కువ కాలం నా చేతిలో ఉన్నది 7.62 ఎస్.ఎల్.ఆర్. అనే సైనిక రైఫిల్. రేంజిలో కొత్త కుర్రాళ్లకు గ్రూపింగ్, అంటే తూటాలన్నీ దగ్గరదగ్గరగా పడేలా కాల్చడం, నేర్పించాను. అందుకే టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు, వాడి వెంట పుత్తూరు, చంద్రగిరి, మదనపల్లె నుంచి వెళ్లిన వాడి స్నేహితులు "మామా, ఏది కొనమంటావు?" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్లు పంపే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతివాడూ వెయ్యి గజాల దూరం గురించే మాట్లాడతాడు. వంద గజాల్లో నిలబడ్డ జింకను కొట్టేవాడికి ఆ కబుర్లెందుకు?

తుపాకీ కంటే ముందు వీసా సంగతి. చాలామంది పిల్లలకు ఇది తెలియకపోవడం నాకు నిజంగా భయం కలిగిస్తోంది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. వాటిలో మనవాళ్లకు అందుబాటులో ఉండేది వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు ఉంటే ఈ గొడవ లేదు. "నాది కాదు కదా మామా, ఫ్రెండ్‌ది, రేంజిలో రెండు రౌండ్లు కాల్చా, అంతే" అంటే కుదరదు, చేతిలో ఉంటే ఉన్నట్టే లెక్క.

టెక్సాస్‌లో ఇంకో మెలిక ఉంది. ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందిని కొట్టడానికి 2019 సెప్టెంబరు నుంచి లైసెన్సే అక్కర్లేదు. అది విని మనవాడు లైసెన్సు మానేస్తాడు. పందికి అక్కర్లేకపోవచ్చు, హెచ్1బీ మీద ఉన్న నీ చేతిలో రైఫిల్ ఉండాలంటే మాత్రం కావాలి. పైగా ఆ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. మర్నాటి నుంచి అల్మారాలో ఉన్న రైఫిల్ కూడా నీ మెడకు చుట్టుకుంటుంది. అదీగాక 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ అక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఉంది. దాన్ని తూతూమంత్రంగా ముగించకండి, శ్రద్ధగా చదవండి. వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి రూల్సు విడిగా కనుక్కోండి.

ఇక రైఫిల్. చవక అంటే నాసిరకం అని మన మనసులో నాటుకుపోయింది. బోల్ట్ యాక్షన్ విషయంలో ఆ లెక్క ఇప్పుడు చెల్లదు. బ్యారెల్‌ను రిసీవర్‌కి, అంటే బోల్టు కదిలే ఉక్కు గూటికి, బిగించేటప్పుడు తూటా కూర్చునే గది కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా రావాలి. పాత పద్ధతిలో దానికి చేయి తిరిగిన పనివాడు ఒక్కో రైఫిల్ దగ్గరా కూర్చుని అరగదీయాలి. 1958లో వచ్చిన సావేజ్ కంపెనీ 110 రైఫిల్ ఆ పనిని ఒక పెద్ద నట్టుతో తేల్చేసింది. లోపల గేజి అనే కొలత ముక్క పెట్టి, దానికి తగిలేదాకా బ్యారెల్ తిప్పి, నట్టు బిగిస్తే కొలత వచ్చేసినట్టే. బోల్టు తలను కూడా కాస్త కదిలేలా వదిలారు కాబట్టి బోల్టును బిగించి పట్టే రెండు లగ్గులూ (చెవులూ) సమానంగా ఆనుకుంటాయి. ఖర్చు తగ్గింది, గురి తగ్గలేదు. 2010, 2011 ప్రాంతంలో వచ్చిన సావేజ్ యాక్సిస్, రుగర్ అమెరికన్ కూడా ఈ నట్టు దారిలోనే నడిచాయి. వాటిలో డబ్బు మిగిల్చింది ప్లాస్టిక్ బట్టు (బ్యారెల్ కింది నుంచి భుజం దాకా ఉండే పట్టు) దగ్గర, మెరుగు పెట్టకుండా వదిలేసిన ఇనుము దగ్గర, మ్యాగజీన్ దగ్గర. గురికి కావలసిన బ్యారెల్ దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అటూ ఇటూగా ఎనిమిది అంగుళాలు, మన టిఫిన్ సెంటర్లో ఇచ్చే పేపర్ ప్లేటంత. ఈ చవక రైఫిళ్లు వంద గజాల్లో అంగుళంన్నర, మహా అయితే రెండంగుళాల గ్రూపు వేస్తాయి. మా రోజుల్లో ఎస్.ఎల్.ఆర్.తో నాలుగంగుళాల గ్రూపు వేసినవాణ్ని మంచి షాట్ అనేవాళ్లం. అర అంగుళం గ్రూపు కోసం ఇంకో వెయ్యి డాలర్లు పోస్తానంటే అది నీ సరదా, జింకకు ఒరిగేదేమీ లేదు.

లోపాలు లేవనను. ఈ ప్లాస్టిక్ బట్ల ముందు భాగం మెత్తగా ఉంటుంది. ముందు బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) తగిలించి బరువేస్తే వంగి బ్యారెల్‌కు తగులుతుంది, గురి జరుగుతుంది. బైపాడ్ మానేసి ఇసుక సంచి మీద పెట్టి కాల్చు, సరిపోతుంది. మొదట్లో వచ్చిన యాక్సిస్ ట్రిగ్గరు నొక్కడానికి గట్టిగా ఉండేది, సర్దుకునే వీలూ లేదు. అందుకే మనమే సర్దుకోగల ఆక్యుట్రిగ్గర్ ఉన్న యాక్సిస్ 2 తీసుకోమంటాను. నన్నడిగితే మొదటి ఓటు మాత్రం రుగర్ అమెరికన్‌కే. ట్రిగ్గరు మనమే సర్దుకోవచ్చు, సేఫ్టీ బొటనవేలి కింద ఉంటుంది, రిసీవర్ కింద ఉక్కు దిమ్మెల మీద గట్టిగా కూర్చుంటుంది. ఫిన్లాండ్ టిక్కా టి3ఎక్స్ గొప్ప రైఫిలే, బోల్టు వెన్నలా జారుతుంది. డబ్బులుంటే తీసుకో, అప్పు చేసి మాత్రం వద్దు.

షాపులో చేతికివ్వగానే అందరూ బరువు చూస్తారు, బోల్టు ఆడిస్తారు. ముందు చూడాల్సింది బట్టు పొడవు. అక్కడి మామూలు బట్లు పదమూడున్నర అంగుళాల పైన ఉంటాయి, అవి పొడగరుల కోసం. మనలో ఐదడుగుల ఐదంగుళాలవాడు దాన్ని భుజానికెత్తితే మెడ సాగదీయాలి, అయినా స్కోపులో చుట్టూ నల్లగా కనిపిస్తుంది. రైఫిల్ ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాక బట్టు చివరను మోచేతి మడతలో ఆనించు. చూపుడువేలు ట్రిగ్గరు దాకా హాయిగా అందాలి. అందకపోతే కాంపాక్ట్, అంటే పొట్టి బట్టున్న రకం, అడుగు. రుగర్ అమెరికన్‌లో పన్నెండున్నర అంగుళాల బట్టుతో కాంపాక్ట్ ఉంది. "అది ఆడవాళ్లకి, పిల్లలకి" అని షాపువాడో స్నేహితుడో నవ్వితే పట్టించుకోకండి.

తూటా విషయానికొస్తే, మొదటి రైఫిల్‌కి మ్యాగ్నం, అంటే ఎక్కువ మందుతో గట్టిగా తన్నే తూటా, అస్సలు వద్దు. తెల్లతోక జింకకు .243, 6.5 క్రీడ్‌మోర్, .308 అనే తూటా రకాల్లో ఏదైనా చాలు. నాకు .308 మీద అభిమానం, అది మా 7.62కి అన్నదమ్ముల వరస. 1952 నుంచి ఉంది, ఏ ఊరి షాపులో అయినా దొరుకుతుంది. మ్యాగ్నం దెబ్బకు భుజం భయపడుతుంది. ఆ భయం పైకి కనపడదు, దాన్ని బయటపెట్టడానికి ఒక పద్ధతుంది. స్నేహితుణ్ని మ్యాగజీన్ నింపమను, అసలు తూటాల మధ్య నీకు తెలియకుండా ఒక డమ్మీ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టమను. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గరు క్లిక్కుమంటుంది, పేలదు. ఆ క్షణంలో బ్యారెల్ మూతి కిందికి దిగిందంటే నీ భుజం ముందే తోస్తోందన్నమాట. ఎన్నిసార్లు క్లిక్కుమన్నా మూతి కదలకుండా ఉండేదాకా వేటకు వెళ్లొద్దు.

మా మేనల్లుడు స్కోపుతో కలిపి అమ్మే ప్యాకేజీ కొన్నాడు. కొన్నాళ్లకు "మామా, ఇది పనికిరాదు, తూటాలు ప్లేటంతా పడుతున్నాయి, మార్చేస్తా" అన్నాడు. వీడియో కాల్‌లో స్కోపును పట్టుకుని మెల్లగా తిప్పమన్నా. కదిలింది! స్కోపు మౌంట్లను రైఫిల్‌కి బిగించే బేస్ స్క్రూలు వదులు. ఎంత బిగించాలో కొలిచి బిగించే టార్క్ రెంచితో బిగించుకుని మళ్లీ కాలిస్తే తూటాలు దగ్గరికొచ్చాయి. "రైఫిల్ బాగాలేదు" అనే ముందు స్క్రూలు చూడండి నాయనా. స్కోపుకి, మౌంట్లకి రైఫిల్ ధరలో సగమైనా పెట్టాలంటాను.

ప్రాక్టీసుకు చవక తూటాలు కాల్చినా, వేటకు మెత్తటి ముక్కున్న, తగలగానే విచ్చుకునే రకమే వాడాలి. మిలిటరీ రకం ఫుల్ మెటల్ జాకెట్ (ముక్కు దాకా లోహపు తొడుగున్న తూటా) విచ్చుకోకుండా దూసుకుపోతుంది, జంతువు గాయంతో పరిగెత్తి ఎక్కడో పొదల్లో గంటలకొద్దీ బాధపడి చస్తుంది. అది మహా పాపం. తూటా మారిస్తే గురీ మారుతుంది కాబట్టి, వేటకు తీసుకెళ్లే తూటాతోనే మళ్లీ జీరో చేసుకోవాలి, అంటే స్కోపు చూపిన చోటే తూటా పడేలా సర్దుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే రైఫిల్ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెండింటికీ తాళం.

తిరుపతిలో కూర్చుని వేట గురించి రాయడమేంటని కొందరు అడుగుతారు. మన శ్రీకాళహస్తిలో శివరాత్రి బ్రహ్మోత్సవాలు మొదలయ్యేదే కన్నప్ప ధ్వజారోహణంతో. ఆయన స్వామికి వేటమాంసం పెట్టిన బోయవాడు. వేటగాడంటే నాకు చులకన లేదు, చేతగాని గురితో జంతువును హింసించేవాడంటేనే కోపం.

అలాగని ఇక్కడ ఆ పని చేయమని నేనెవరికీ చెప్పను. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దగ్గర వేట నేరం. వేరుశనగ చేను పందులు తవ్వేశాయని పలమనేరు వైపు రైతు ఏడుస్తుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది, కానీ క్లచ్ వైరు ఉచ్చు కూడా చట్టం దృష్టిలో వేటే. కంచెకు కరెంటు పెడితే పందితో పాటు ఏనుగు చస్తుంది, పక్క చేను మనిషీ చస్తాడు. పంట పోతే ఫొటోలు తీసి అటవీ శాఖకు నష్టపరిహారం అర్జీ పెట్టండి, తిరిగి తిరిగి అడగండి. లైసెన్సు మీద మామూలు మనిషికి ఇక్కడ దొరికే బోల్ట్ యాక్షన్లలో ఒకటి ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ .315 స్పోర్టింగ్ రైఫిల్. అది చేతిలో ఉన్నా పందిని నీ ఇష్టానికి కాల్చే హక్కు రాదు.

"వచ్చేటప్పుడు రైఫిల్ తెచ్చుకుంటా మామా" అనే పిల్లలూ ఉన్నారు. ఆయుధ లైసెన్సు లేకుండా తుపాకీతో మన ఎయిర్‌పోర్టులో దిగితే నేరుగా పోలీసు స్టేషనుకే. తిరిగి వచ్చేసేటట్టయితే దాన్ని అక్కడే, లైసెన్సున్న షాపులో అమ్మేసి, సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకుని దగ్గర పెట్టుకోండి.